లేచిన వేలి బాణీ

ఐసుపుల్లను సేబొమ్ ఎడమచేతి చూపుడువేలి వీపుకి ఆనించి, నూలుబట్ట పేలికతో మూడు చుట్లు చుట్టి, మణికట్టు దగ్గర ముడి వేసింది మీరాన్. ముడి పడేటప్పుడు ఆ పిల్ల ఊపిరి బిగబట్టింది. మూడేళ్లుగా ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం ఇదే తంతు. కట్టేవాళ్లు చెప్పక్కర్లేదు, కట్టించుకునేవాళ్లు అడగక్కర్లేదు.

"వదులుగా ఉందా?"

"సరిపోయిందండీ."

సరిపోవడమంటే వేలు ఇటూ అటూ కదలకుండా, నిటారుగా గాలిలో నిలబడడం. పంతొమ్మిదేళ్ల సేబొమ్, అడుగున వేడినీళ్ల గొట్టాలున్న వెచ్చని నేల మీద బాసింపట్టు వేసుకుని, గయగుమ్ వాద్యం తలని కుడిమోకాలి మీదకి లాక్కుంది. పన్నెండు పట్టు తీగలు, ఒక్కో తీగ కింద దాన్ని ఎత్తిపట్టే ఒక్కో చెక్కగుర్రం. గుర్రాలకి ఇవతల కుడిచెయ్యి మీటుతుంది, అవతల ఎడమచెయ్యి తీగని నొక్కి ఊపి గమకం పుట్టిస్తుంది. కుడిచెయ్యి ఎవరికైనా వస్తుంది, ఎడమచేతికే ఏళ్లు పడతాయి.

లోకంలో గయగుమ్ వాయించేవాళ్లంతా చూపుడువేలు, మధ్యవేలు జంటగా వేసి నొక్కుతారు. చోవొల్ గురువమ్మ బాణీ వాళ్లు మాత్రం మధ్యవేలు, ఉంగరపువేలు వేస్తారు. చూపుడువేలు పైకి లేచే ఉండాలి. అది పొరపాటున తీగకి తగిలినా సరే, అది చోవొల్ బాణీ కాదు. ఆ వేలి మీద ఒక ప్రొఫెసరు పుస్తకమే రాశాడు. ప్రభుత్వం వారు ఇచ్చే పట్టాపరీక్షలో పరీక్షకులు ముందు చూసేది కూడా ఆ వేలినే. సేబొమ్ పరీక్ష శనివారం. పట్టా చేతికొస్తే రాష్ట్ర వాద్యబృందంలో చోటు దొరుకుతుంది, రాకపోతే వాళ్లమ్మ నూడుల్స్ కొట్లో గిన్నెలు తోముకోవాలి.

"మొదలుపెట్టు. తొందర వద్దు."

డోలు దగ్గరికి జరుపుకుని మీరాన్ తాళం వేసింది. విలంబ భాగంలో మొదటి నాలుగు ఆవర్తాలు బాగానే నడిచాయి. ఐదో ఆవర్తంలో పొడుగు గమకం ఒకటి ఉంది. తీగని లోతుగా నొక్కి, భుజం నుంచి ఊపి, మెల్లగా వదలాలి. సేబొమ్ ఉంగరపువేలు వణికింది. స్వరం మధ్యలో నలిగి, దగ్గొచ్చిన మనిషి మాటలా ఆగిపోయింది.

"మళ్లీ."

మళ్లీ అదే. ఇంకోసారీ అదే. నాలుగోసారికి సేబొమ్ చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. మీరాన్ ఆ చేతిని పట్టుకుని చూసింది. మణికట్టు లోపలివైపు వాచి, నున్నగా మెరుస్తోంది. ఉంగరపువేలి కొస గిల్లి, తెలిసిందా అని అడిగింది.

"కొంచెం తెలుస్తోందండీ. పొద్దున అసలు తెలియలేదు."

"మంచుకి అలాగే ఉంటుంది. నాకూ కొత్తలో ఇంతే. పోతుంది."

పోలేదు. మీరాన్‌కి యాభై నాలుగేళ్లు, ఎడమ మోచేతికి ఇప్పటికీ రాత్రి ఒకటి, పొద్దున ఒకటి నొప్పిపట్టీలు అంటించుకుంటుంది. ఆమె బట్టల్లోంచి, పరుపులోంచి, చివరికి చేసిన కూరలోంచి కూడా కర్పూరం వాసన వస్తుందని శిష్యులు చాటుగా నవ్వుకుంటారు. సంచీలోంచి ఒక పట్టీ తీసి సేబొమ్ మణికట్టుకి అంటించింది.

"నేను వచ్చిన కొత్తలో ఈ గమకం వచ్చేది కదండీ?" అంది సేబొమ్.

"వచ్చేది. ఊళ్లో పెళ్లిళ్లకి వాయించేవాళ్లకీ వస్తుంది. మొక్కై వంగనిది మానై వంగునా? ఇప్పుడు వంచకపోతే ఇంకెప్పుడు వంగుతుంది ఆ చెయ్యి? మళ్లీ మొదలుపెట్టు."

ఆ మాట అంటున్నప్పుడు మీరాన్‌కి తన మీద తనకి అనుమానం లేదు. ఆ పిల్ల అంటే ప్రాణం. ప్రాణం కాబట్టే అంత గట్టిగా కట్టేది.

మర్నాడు మీరాన్ గురువమ్మ ఇంటికి వెల్లుల్లి ఒలవడానికి వెళ్లింది. ఏడాదికి సరిపడా కిమ్చీ ఊరగాయ పెట్టే రోజులు. వరండాలో నూట ఇరవై క్యాబేజీలు ఉప్పునీళ్లలో మునిగి ఉన్నాయి. ఎనభై నాలుగేళ్ల చోవొల్ గురువమ్మ చాప మీద కూర్చుని, పొట్టు ఒలిచి గిన్నెలో వేస్తోంది. ఎడమచేతి చూపుడువేలు వెల్లుల్లికి తగలకుండా నిటారుగా ఉంది. గుడ్డ పిండినా అంతే, జుట్టు ముడేసుకున్నా అంతే. ఇరవైమూడేళ్ల వయసులో మీరాన్ మొదటిసారి అది చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. వంటింట్లో కూడా సాధన వదలని మనిషి అనుకుంది. అప్పటి నుంచీ తనూ వెల్లుల్లి అలాగే ఒలుస్తుంది.

పదకొండు గంటల వేళ వాకిట్లో కారు ఆగినట్టు చప్పుడైంది. చేతికర్ర, నెత్తికి ఉన్ని టోపీ, చంకలో బియ్యపురొట్టెల డబ్బాతో ఒక ముసలమ్మ దిగింది.

"ఒసే కన్నాన్! బతికే ఉన్నావటే?"

గురువమ్మని ఆ పేరుతో పిలిచేవాళ్లు భూమ్మీద ఉన్నారని మీరాన్‌కి తెలియదు. గురువమ్మ మొహంలో మొదట భయం, తర్వాత నవ్వు కనిపించాయి.

"సూన్‌దొక్! నువ్వు పోయావని ఎవరో చెప్పారే నాకు."

"పోయింది మా ఆయన. నేను పోతే రొట్టెలెవరు తెస్తారు? మనవరాలి పెళ్లికి ఈ ఊరొచ్చా, నువ్విక్కడే అని తెలిసి కారు కట్టించుకొచ్చా." చాప మీద కూలబడి, అడక్కుండానే వెల్లుల్లి అందుకుంది. పట్టుమిల్లులో పక్కపక్క తొట్ల దగ్గర పనిచేశామని, పదమూడేళ్లకే చేర్చారని, అప్పట్లో దేశాన్ని ఏలిన జపాను వాడు తన్ని పని చేయించేవాడని మీరాన్‌కి చెప్పుకొచ్చింది. చెబుతూ చెబుతూ గురువమ్మ ఎడమచేతిని చనువుగా లాక్కుని, చూపుడువేలిని పట్టి వంచబోయింది. వేలు వంగలేదు.

"ఇంకా అంతేనటే ఇది? అయ్యో పాపం. ఆ మరిగే తొట్లో పట్టుకాయలు దేవుతుంటే మేస్త్రీ వెనకనుంచి తోశాడమ్మా, చెయ్యి మణికట్టు దాకా మునిగిపోయింది. మిగతావి ఎలాగో బాగయ్యాయి. ఈ వేలు మాత్రం కట్టెలా బిగుసుకుపోయింది. కుంటివేలు దానివి, నిన్నెవడు చేసుకుంటాడే అని ఏడిపించేవాళ్లం. చూడు, అదే వేలితో ఎంత పేరు తెచ్చుకుందో!"

సూన్‌దొక్ పకపకా నవ్వింది. గురువమ్మ నవ్వలేదు. చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని ఒళ్లో దాచుకుంది.

మీరాన్ చేతిలో సగం ఒలిచిన వెల్లుల్లి ఉండిపోయింది. తన ఎడమచేతి వంక చూసుకుంది. చూపుడువేలు నిటారుగా ఉంది. దించింది. కొద్దిసేపటికి అది దానంతటదే మళ్లీ లేచింది.

రొట్టెలు తిని, బార్లీ నీళ్లు తాగి, అరగంట గొడవ చేసి సూన్‌దొక్ వెళ్లిపోయింది. వాకిలి మూసి వచ్చేసరికి గురువమ్మ మళ్లీ వెల్లుల్లి ఒలుస్తోంది.

"నిజమేనా?" అంది మీరాన్ నిలబడే.

"ఆ మిల్లులో అబద్ధం ఆడే తీరిక ఎవరికుండేది?"

"మాకెందుకు చెప్పలేదు గురువమ్మా?"

"మొదట వచ్చిన శిష్యురాలు వేలు లేపితే నన్ను వెక్కిరిస్తోందనుకున్నానే. చెంప పగలగొడదామని చూస్తే దాని మొహం నిండా భక్తి. రెండోది వచ్చింది, అదీ లేపింది. తర్వాత ఆ పుస్తకం రాసిన కళ్లజోడాయన వచ్చి ఫోటోలు తీసుకెళ్లాడు. కొంగ ఒంటికాలి మీద నిలబడ్డట్టుందట! అయ్యా, అది కొంగ కాదు, కాలిన వేలు అని చెప్పనా? తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నా."

"ఆయనకి చెప్పకపోతే పోనీ. నాకు చెప్పొచ్చుగా!"

"నువ్వడిగావా?"

 ముప్పై ఏళ్ల పైన ఈ ఇంట్లో మీరాన్ అన్నీ అడిగింది. తీగ ఎప్పుడు మార్చాలి, గుర్రం ఎంత జరపాలి, చారులో ఉప్పెంత, చలికి ఏ దుప్పటి కావాలి, అన్నీ. గురువు చేసేది ఎందుకు చేస్తున్నారని మాత్రం అడగలేదు. అడగడం పొగరని ఆమెకి నేర్పింది కూడా ఎవరో కాదు, తనకి తనే నేర్పుకుంది.

"నా మోచెయ్యి సంగతి మీకు తెలుసు."

గురువమ్మ చేతిలో పాయ ఆగింది. "తెలుసు. నాదీ అంతేగా. భుజం దాకా లాగేస్తుంది. నొప్పి లేకుండా వాయించేవాళ్లు కూడా ఉంటారని నాకెవరు చెప్పారే?"

ఆ మాట నటనైతే మీరాన్‌కి కోపం నిలిచేది. నటన కాదు. గురువమ్మ మొహంలో ఉన్నది మిల్లులో తోయించుకున్న పదమూడేళ్ల పిల్ల అమాయకత్వమే. కోపం పెట్టుకోవడానికి చోటు లేకపోవడం కోపం కంటే ఎక్కువ బాధ పెట్టింది.

"సేబొమ్‌కి చెప్తాను."

"చెప్పు. ఊరందరికీ చెప్పినా ఆపలేను. వచ్చే వసంతంలో నిన్ను ఈ బాణీకి వారసురాలిగా రాయాలని ప్రభుత్వానికి కాగితాలు పంపాను. వేలు పోయాక ఇంక దేనికి వారసురాలివో, అది కూడా నువ్వే ఆలోచించుకో." ఒలిచిన పాయ గిన్నెలో వేసి, ఇంకోటి తీసుకుంది. "ఆ క్యాబేజీలు తిరగెయ్యి. కిందవి ఉప్పెక్కిపోతాయి."

మీరాన్ వెళ్లి క్యాబేజీలు తిరగేసింది. నీళ్లు మోచేతుల దాకా చల్లగా కోశాయి. నూట ఇరవై తిరగేసేసరికి చీకటి పడింది.

గురువారం మొత్తం ఆమె మాట వెతుక్కుంది. పరీక్ష అయ్యాక చెబుదామనుకుంది. తర్వాత ఆ వాచిన మణికట్టు గుర్తొచ్చి, ఒక్కరోజైనా ఆ చేతిని అలా నడపనివ్వకూడదనుకుంది. ఫోను తీసి మళ్లీ పెట్టేసింది. ఇలాంటి మాట ఫోనులో చెప్పేది కాదు.

శుక్రవారం సాధనగది దగ్గరికి వచ్చేసరికి లోపల్నుంచి గయగుమ్ వినిపిస్తోంది. ఐదో ఆవర్తం. పొడుగు గమకం లోతుగా వెళ్లి, ఊగి, సాఫీగా వదిలింది. మీరాన్ తలుపు తీసింది. సేబొమ్ ఎడమచేతికి కట్టు లేదు. ఐసుపుల్ల, పేలిక నేల మీద మడిచిపెట్టి ఉన్నాయి. చూపుడువేలు ఏ ఆసరా లేకుండా నిటారుగా గాలిలో ఉంది.

"టీచరుగారూ, చూశారా?" సేబొమ్ మొహం వెలిగిపోతోంది. "నిన్న రాత్రంతా కూర్చున్నాను. కట్టు విప్పినా దిగట్లేదండీ! అన్నం తిన్నా దిగలేదు, పళ్లు తోముకున్నా దిగలేదు. మా అమ్మయితే భయపడిపోయింది."

మీరాన్ గుమ్మంలోనే కూర్చుండిపోయింది. ఆ పిల్ల మొహంలో అంత సంతోషం ఈ మూడేళ్లలో చూడలేదు. చూస్తున్నది మాత్రం తను చేసిన పాపం. నోరు విప్పి, వెల్లుల్లి దగ్గర్నుంచి మొదలుపెట్టి, మిల్లు, తొట్టి, కాలిన వేలు, కళ్లజోడాయన, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేసింది. చెబుతున్నంతసేపూ సేబొమ్ నవ్వుతూనే ఉంది. కొత్తరకం మందలింపు అనుకుంది కాబోలు. కాదని అర్థమయ్యాక నవ్వు ఆగింది.

"అంటే... ఇది బాణీ కాదా?"

"కాదు. దించు. మొదటిరోజు నువ్వు వాయించినట్టు, చూపుడువేలు, మధ్యవేలు. ఒక్కసారి."

సేబొమ్ రెండు వేళ్లు తీగ మీద వేసి నొక్కింది. మొదటి ఊపుకి నిలిచాయి. రెండో ఊపుకి చూపుడువేలు కాలినట్టు పైకి లేచింది. మళ్లీ వేసింది, మళ్లీ లేచింది. మీరాన్ దగ్గరికి జరిగి ఆ వేలిని తన చేత్తో అదిమిపట్టింది. స్వరం బొంగురుగా, ఎవరో గొంతు నొక్కినట్టు వచ్చింది.

"వదలండి" అంది సేబొమ్.

"ఇంకొక్కసారి..."

"వదలమన్నానా!"

మీరాన్ వదిలేసింది. ఆ పిల్ల తన ముందు గొంతు పెంచడం అదే మొదలు.

"కట్టిందీ మీరే, విప్పమంటున్నదీ మీరే. మధ్యలో ఈ చెయ్యి నాదండీ. ఒక్కసారైనా నన్నడిగారా?" సేబొమ్ ఏడవలేదు. ఏడిస్తే మీరాన్ ఓదార్చగలిగేది. "నాకు మొదట బాగానే వచ్చేది. వచ్చేదని మీకు తెలుసు. మంగళవారం నేనే అడిగాను కూడా. ఏమన్నారు? పెళ్లిళ్లకి వాయించేవాళ్లకీ వస్తుందన్నారు."

"అన్నాను."

"నొప్పి పోతుందన్నారు."

"అన్నాను. అబద్ధం."

నేల కింద వేడినీళ్ల గొట్టం కటకటమంది. 

"ఇప్పుడు అడుగుతున్నా" అంది మీరాన్. "ఏం చేద్దామంటావు?"

"పరీక్ష రేపు పెట్టుకుని ఇప్పుడా అడగడం?" సేబొమ్ చేతిని బోర్లా తిప్పి, వెల్లకిలా తిప్పి చూసుకుంది. "రేపు ఇలాగే వాయిస్తాను. దించమన్నా దిగట్లేదుగా, ఇంకెలా వాయించను? ఆ పట్టా నాకు కావాలి. మా అమ్మకి కావాలి. తర్వాత దీన్ని ఎవరు బాగుచేస్తారో వాళ్లని మీరే వెతకండి. నాకు తెలిసిన టీచరు మీరొక్కరే."

శనివారం పరీక్షగదిలో ముగ్గురు పరీక్షకులు. సేబొమ్ తెల్లని పట్టుబట్టల్లో వచ్చి, వంగి నమస్కరించి కూర్చుంది. పక్కన డోలుతో మీరాన్. విలంబం నుంచి మధ్యమం, మధ్యమం నుంచి ద్రుతం దాకా పిల్ల ఎక్కడా తడబడలేదు. ఉంగరపువేలు కొస తెల్లగా పాలిపోయింది. ఆ సంగతి డోలు దగ్గర కూర్చున్న మనిషికి తప్ప ఎవరికీ కనపడలేదు. లేచిన వేలు అందరికీ కనపడింది. మీరాన్ కళ్లకి మాత్రం అది వేలులా లేదు, మరుగునీళ్లలోంచి అప్పుడే పైకి లాక్కున్న చెయ్యిలా ఉంది. తాళం తప్పకుండా వాయించడానికి ఆమె పెదవి కొరుక్కోవాల్సి వచ్చింది.

పెద్ద పరీక్షకుడు కళ్లు తుడుచుకున్నాడు.

"అచ్చం గురువమ్మ వేలే! ఇంకో అరవై ఏళ్ల దాకా ఈ బాణీకి ఢోకా లేదు. మీరాన్‌గారూ, మీ కష్టం ఫలించిందండీ."

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. చెబితే పట్టా పోతుంది. ఈసారి ఆ పిల్లని అడక్కుండా ఏదీ చెయ్యకూడదనుకుని మీరాన్ తల వంచి నమస్కరించింది. సేబొమ్ కూడా వంగింది. ఇద్దరి నమస్కారమూ ఒకేలా ఉందని పరీక్షకులు మురిసిపోయారు.

బస్టాండులో బల్ల మీద కూర్చున్నాక సేబొమ్‌కి దాహం వేసింది. నీళ్లసీసా కొని, మూత తిప్పబోతే ఎడమచేతిలో సీసా నిలవలేదు. మీరాన్ తీసుకుంది. ఆమె పట్టూ అంతే, సీసా జారిపోయింది. ఒకరు సీసా పట్టుకుని ఇంకొకరు మూత తిప్పబోయినా కుదరలేదు. చివరికి పక్కన చేపలబుట్టతో కూర్చున్న ఆవిడ విసుక్కుంటూ లాక్కుని, ఒక్క మెలికలో తిప్పి ఇచ్చింది. "ఇద్దరాడవాళ్లు, ఒక మూత తియ్యలేరా తల్లీ?" అంది. సేబొమ్‌కి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కడో మధ్యలో ఏడుపుగా మారింది. మీరాన్ ఆ పిల్ల వీపు మీద చెయ్యి వేసింది. సేబొమ్ తోసెయ్యలేదు, దగ్గరికీ జరగలేదు.

ఏడుపు ఆగాక మీరాన్ ఫోను తీసింది. మొక్‌పో ఊళ్లో బే మాస్టారు ఉన్నాడు. వేరే బాణీ. పాడైన చేతుల్ని కుదురుస్తాడని పేరు. ముప్పై ఏళ్ల కిందట ఒక సభలో, అందరి ముందూ, ఆ లేచిన వేలు పిల్లల చేతుల్ని తినేస్తుందన్నాడు. చోవొల్ శిష్యులంతా ఒక్కసారిగా లేచి బయటికి నడిచారు. ముందు లేచింది మీరానే. ఆ తర్వాత ఎదురుపడినా పలకరింపులు లేవు. తమ శిష్యురాలిని ఆ గుమ్మానికి పంపడమంటే వారసత్వం కాగితాలు తన చేత్తోనే చించెయ్యడం. సేబొమ్ ఆమె వంకే చూస్తోంది. మీరాన్ నంబరు నొక్కింది.

ఆయన మొత్తం విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా, నేనానాడే చెప్పానుగా అనలేదు.

"పిల్లని పంపించు. ఏడాది దాకా పాట ఉండదు. ఒక్క తీగ, రెండు వేళ్లు. బృందంలో చేరినా రెండేళ్లు వాయించకూడదు. ఒప్పుకుంటుందా?"

మీరాన్ ఫోను పక్కకి పెట్టి సేబొమ్‌ని అడిగింది. రెండేళ్లు అనగానే ఆ పిల్ల కళ్లు మూసుకుంది. తర్వాత తల ఊపింది.

"ఒప్పుకుందండీ."

"సరే. నొప్పి ఎన్నాళ్లుగా?"

"మూడేళ్లుగా. మణికట్టు వాచింది. ఉంగరపువేలు కొసకి స్పర్శ..."

"ఆ పిల్ల సంగతి కాదమ్మా. నీది అడుగుతున్నా. ఇన్నేళ్లు సభల్లో ముందువరసలో కూర్చుని నీ మోచెయ్యే చూస్తున్నా నేను. ఎన్నాళ్లుగా?"

బస్సు వచ్చి ఆగింది. చేపలావిడ బుట్ట నెత్తిన పెట్టుకుని ఎక్కింది. సేబొమ్ రెండు సంచులూ కుడిచేతికే తగిలించుకుని లేచి నిలబడి, ఎక్కకుండా ఆమె కోసం చూస్తోంది. మీరాన్ ఫోను కుడిచేతికి మార్చుకుంది.

"ముప్పై ఒక్కేళ్లండీ" అంది.